మెట్ల పక్క తాడు

ఓనరాంటీ పోయిందని పొద్దున్నే నాచారం నుంచి ఫోనొచ్చింది. ఆ ఇంట్లో మేం చాలా ఏళ్లు అద్దెకున్నాం. మేడిపల్లిలో ఫ్లాటు కొనుక్కుని వచ్చేశాక కూడా ఆవిణ్ణి ఇంకోలా పిలవడం నాకు చేతకాలేదు. నీళ్లొచ్చే వేళకు ట్యాంకు చూడ్డానికి డాబా ఎక్కి, దిగుతూ మెట్ల మీంచి పడిందట. వినగానే నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మెట్లకు రెయిలింగ్ లేదని వీధిలో తెలియనివాళ్లు లేరు.

కోస్తా నుంచి కొత్తగా వచ్చిన రోజుల్లో, ఉప్పల్లో ఒక బడికి వెళ్లి టీచరు ఉద్యోగం అడగాలని రోజూ అనుకునేదాన్ని. చీర ఇస్త్రీ కాలేదనీ, వానొచ్చేలా ఉందనీ, సోమవారమైతే మంచిదనీ వాయిదా వేసేదాన్ని. ఒకరోజు ఆవిడ నా చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టింది.

"ముందుగాల చెప్పులేస్కో బిడ్డా. భయపడుడు గేటు దాటినంక జూద్దువు."

"రేపు తప్పకుండా వెళ్తాను ఆంటీ."

"బడికి రేపే పో. ఇయ్యాల జర బస్టాపు దాకా పోయి రా."

బస్టాపు దాకా వెళ్లినదాన్ని బస్సెక్కకుండా ఊరుకుంటానా? ఇప్పటికీ ఆ బడిలోనే చెబుతున్నాను. సింకు నిండా అంట్లుంటే ఒక్క గిన్నె కడిగి పొమ్మనేది. ఆ ఒక్కటీ కడిగాక ఎవరూ పోలేదు.

ఆవిడ భర్త, అంకుల్ దారి వేరు. ఫ్యాక్టరీకి ఒక్కనాడూ ఆలస్యంగా వెళ్లి ఎరగని మనిషి, ఇంటి పని అనేసరికి చల్లబడిపోయేవారు. ఇంకో అంతస్తు వేద్దామని డాబా మీద ఇనుప చువ్వలు వదిలిపెట్టారు. రెయిలింగ్ కూడా అప్పుడే ఒకేసారి పెట్టిద్దామని ఆయన ఆలోచన. ఒకసారి ఆంటీ వెల్డింగ్ అతన్ని పిలుచుకొస్తే, చాయ్ తాగించి పంపేశారు.

"తొందరేంది? నిదానమే ప్రధానం అన్నరు పెద్దలు."

"నిదానమంటే మెల్లగ జేసుడు. జేయకపోవుడు గాదు," అంది ఆవిడ.

ఆ సాయంత్రమే ఒక నైలాన్ తాడు తెచ్చి, పైన చువ్వకు కట్టి, కింద గోడకు మేకు కొట్టి బిగించింది. అప్పట్నుంచి అది పట్టుకునే ఎక్కడం, దిగడం. ఉద్యమం రోజుల్లో అంకుల్‌కు కొత్త సాకు దొరికింది.

"గీ లొల్లిల పనెవడు జేస్తడు? తెలంగాణ రానీ, గప్పుడు జూద్దాం."

తెలంగాణ వచ్చింది. వీధంతా రంగులు చల్లుకున్నారు, స్వీట్లు పంచుకున్నారు. రెయిలింగ్ మాత్రం రాలేదు.

పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికలో పాస్టరుగారు, దేవుడు తన సమయంలో ఆవిణ్ణి పిలుచుకున్నాడని చెప్పారు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. దేవుడు పిలవలేదు. వానకు తుప్పుపట్టిన మేకు ఊడింది. తాడు ఆవిడ చేతిలోనే ఉందట.

కూడిక డాబా మీదే పెట్టారు. వచ్చినవాళ్లు పడతారేమోనని ముందురోజే మెట్లకు రెయిలింగ్ పెట్టించారు. ఎంతసేపు పట్టిందని అడిగాను. అలా అడగకూడదని తెలిసే అడిగాను.

"పొద్దుగాల వచ్చిన్రు. అన్నం తినే యాళ్లకు అయిపాయె," అన్నారు అంకుల్, తలెత్తకుండా.

ఒక పూట పని. ఎన్నేళ్లుగానో ఆవిడ అడుగుతున్నది ఆ ఒక్క పూటే.

దిగేటప్పుడు చూశాను. రంగు వాసన పోని కొత్త పైపుల పక్కనే ఆ పాత తాడు చువ్వకు వేలాడుతోంది. ఆవిడ చెయ్యి పడేచోట నల్లబడి ఉంది.

"ఇది విప్పేయమంటారా అంకుల్?"

ఆయన ఆ తాడును ఒకసారి తడిమి వదిలేశారు.

"ఉండనియ్యమ్మా. రేపు జూద్దాం."

నేను గేటు దాటేదాకా ఆ తాడు కొస గాలికి కొత్త పైపును కొడుతూనే ఉంది.