ఠంగుమన్న పాకం

మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. నా చదువు అయిదో తరగతితో ఆగింది. పెళ్లయిన పదమూడేళ్లకు, జంతికలు బాగా వండే మా ఆయనకు దుబాయి మిఠాయి కొట్టులో పని దొరికింది. ఇద్దరం బయల్దేరాం.

"పిల్లా జెల్లా లేనోలకి దుబాయెందుకొదినా? ఎవులి కోసం సంపాదిత్తారు?" అంది ఆడపడుచు. నేను పెట్టె సర్దుకున్నాను.

నాది రెండు నెలల వీసా. కొట్టు యజమాని హైదరాబాదాయన. "అమ్మా, నీకిక్కడ పని లేదు. వీసా అయిపోంగనే పోవాలె" అన్నాడు.

ఒకరోజు పాకం మాస్టరు రాక, వేరుశెనగ అచ్చుల, అదే పల్లీపట్టీల ఆర్డరు మా ఆయన మీద పడింది. రెండు వాయిలూ రబ్బరులా సాగాయి. యజమాని ఒకటే అరుపులు. మా ఆయనకు అన్నం క్యారేజీ తెచ్చిన నేను ఆగలేకపోయాను. మా అమ్మ నేర్పినట్టు, ఉడికే పాకం చుక్క నీళ్లలో వేసి, ఉండ చేసి, స్టీలు పళ్లెంలోకి విసిరాను. తనమీదకే విసిరాననుకుని యజమాని ఎగిరి గంతేశాడు! ఉండ మెత్తగా అతుక్కుంది.

"దించకండి, ఇంకా అవలేదు!" అన్నాను.

మూడో ఉండ ఠంగుమంది. అప్పుడు దింపించాను. అచ్చులు ఫెళఫెళా విరిగాయి. యజమాని ఒకటి నమిలి, "రేపట్నుంచి పాకం నీదే. వీసా సంగతి నేన్జూస్త" అన్నాడు.

మా ఆయన గరిట నా చేతికిచ్చి, "మేస్త్రమ్మా, నన్నేటి సెయ్యమంటావు?" అన్నాడు.

"ముందా పళ్లెం కడుగు!"

సాయంత్రం ఆడపడుచుకు ఫోన్ చేశాను. ఆనాటి ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెప్పాను.

"ఎవులి కోసమన్నావు గదా? మేమిద్దరం లేమేటి? మా కోసమే!"