కుంకుమ పెట్టిన చక్రాలు

మా నాయన చెయ్యి చల్లనిదని ఊళ్ళో పేరు. మాది చిక్కబళ్ళాపురం వైపు, మండికల్ పక్కన. తొలకరికి ఎవరు విత్తనం వేసినా మొదటి పిడికెడు ఆయనే చల్లాలి. చాటలో విత్తనాలు పట్టుకొని పొద్దున్నే మా గుమ్మం ముందుకు వచ్చేవాళ్ళు. ఆయన చెయ్యి పడితే బండమీద కూడా మొలక వస్తుందని మా అవ్వ అనేది. కొడుకు గొప్ప చెప్పుకోవడంలో అవ్వను మించినవాళ్ళు లేరనుకోండి.

ఆ చేత్తోనే ఆయన నాకు కళ్ళం కట్టాడు. అందరి కళ్ళాలూ రాగులు నూర్చడానికి, మాది నేను తిరగడానికి. నాకు స్కేటింగ్ పిచ్చి. వేగంగా ఉరికే పందెం కాదు. బూటుకు నాలుగు చక్రాలతో, పాటకు తగ్గట్టు తిరగడం, ఎగరడం, ఒంటికాలి మీద గిరగిరా తిరిగి ఆగడం. చలిదేశాలవాళ్ళు మంచు మీద చేసేదే మేం సిమెంటు మీద చేస్తాం. మా సీమలో వానే గగనం, మంచు ఎక్కడి నుంచి వస్తుంది? నాయన సిమెంటును నున్నగా తేల్చి, సుద్దముక్కతో పెద్ద వలయాలు గీసి ఇచ్చాడు. ఆ గీత తప్పకుండా గంటలకొద్దీ తిరిగేదాన్ని. గానుగెద్దుకన్నా ఈ బిడ్డకే పని ఎక్కువని దారిన పోయేవాళ్ళు నవ్వేవాళ్ళు. రాగుల కాలంలో కూడా నాయన సగం కళ్ళం నాకే వదిలేవాడు.

నాకు పదిహేడేళ్ళప్పుడు బెంగళూరులో రాష్ట్రపోటీ. మొదటి ముగ్గురినే దేశపోటీకి పంపుతారు. అంతకుముందు రెండుసార్లూ నాది నాలుగో స్థానం. ఆ ఏడు వదలకూడదని పళ్ళు బిగించుకొని ఉన్నాను. పోటీకి రెండు రోజుల ముందు ఆయుధపూజ వచ్చింది.

ఆ రోజు మా ఇంట్లో ట్రాక్టరు, మోటారు, మందు కొట్టే పంపు, కొడవళ్ళు అన్నీ కడిగి వరసగా పెడతారు. ఆ ఏడు నాయన నా బూట్లను కూడా వరసలో చేర్చాడు. ట్రాక్టరు కడిగే పైపుతోనే ఎనిమిది చక్రాలూ కడిగాడు. పసుపూ కుంకుమా తడిపి ఒక్కొక్కదానికీ దట్టంగా పెట్టాడు. కింద నిమ్మకాయలు పెట్టి నాచేత తొక్కించాడు. ట్రాక్టరుకు ఒక గుమ్మడికాయ కొడితే నా బూట్లకు ఇంకొకటి కొట్టాడు. చక్రం లోపల బేరింగు ఉంటుంది, దానికి నీళ్ళూ దుమ్మూ తగలకూడదు. ఆ సంగతి నాకు తెలుసు. విప్పి తుడవాలంటే ఆయన పెట్టిన బొట్టు చెరపాలి. మనసు రాలేదు. పైపైన గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకున్నాను.

పోటీ ముందు తిరిగి చూసుకుంటే కొంచెం బిగుతుగా ఉంది. భయం వల్లేమో అనుకున్నాను. పాట సగంలో ఎగిరి కుడికాలి మీద దిగాను. ముందు చక్రం పట్టేసింది. ఒళ్ళు తిరిగింది, మోకాలు తిరగలేదు. నాయన చెప్పులు విడిచి నేల మీదికి పరిగెత్తుకొచ్చాడు. కళ్ళంలోకి చెప్పులతో రారు కదా, అంత గాబరాలోనూ ఆయనకు అది మరుపు రాలేదు.

నాకు స్కేటింగ్ నేర్పే కోచమ్మ చక్రం విప్పి చూసింది. లోపల ఎర్రటి బురద. నేను ఆమె చెయ్యి పట్టుకొని, మా నాయనతో అనవద్దని బతిమాలాను. ఆయనకు మాత్రం కాలు తప్పు వేశానని చెప్పాను.

ఆపరేషన్ అయింది. నడవచ్చు, ఎగరకూడదు అన్నారు. ఏడ్చాను, ఏడాదంతా ఏడ్చాను. కోపం ఎవరిమీద చూపాలో తెలియక చెంబులు విసిరేదాన్ని. ఆ సొట్టలు చూపించి మా అమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. నాయన లెక్క వేరు. ఆ రోజు హారతి మధ్యలో కర్పూరం ఆరిపోయిందట, పూజ తక్కువైందట. అందుకని ప్రతి ఏడూ నా బూట్లను గోడ మేకు నుంచి దించి, ఇంకా బాగా కడిగి, ఇంకా దట్టంగా కుంకుమ పెట్టేవాడు. నేను పక్కన నిలబడి హారతి కళ్ళకద్దుకునేదాన్ని. అట్లా పదకొండేళ్ళు గడిచాయి.

ఇప్పుడు నేను చిక్కబళ్ళాపురంలో ఆదివారాలు పిల్లలకు నేర్పుతాను. నాయన బండి మీద దింపి, క్లాసు అయ్యేదాకా మెట్ల మీద కూర్చుంటాడు. పోయిన ఏడు పండగ తర్వాత, బాగేపల్లి నుంచి ఒకాయన తన కూతురి బూట్లు తెచ్చాడు. చక్రాల నిండా కుంకుమ. నా కోపం సంగతి తెలిసిందే.

"ఎవురప్పా దీనికి కుంకుమ పెట్టింది? లోపలికి పోతే చక్రం పట్టుకుంటాది. నా మోకాలు పోయింది ఇట్లనే!"

అన్నాక తెలిసింది, ఏమన్నానో. మెట్ల వైపు చూశాను. నాయన తల వంచుకొని ఉన్నాడు.

ఇంటికి వచ్చీరాగానే నాయన నా బూట్లు దించి, చక్రాలను వేలితో ఒక్కొక్కటే తోశాడు. ఎనిమిదిలో ఒక్కటీ కదల్లేదు.

"ఆ దినం పట్టుకొన్నింది యా చక్రమమ్మా?"

చూసుకోవాల్సింది నేనే నాయనా, తప్పు నాదే అన్నాను. అది అబద్ధం కూడా కాదు. ఆయన బూట్లు మళ్ళీ మేకుకు తగిలించి బయటికి వెళ్ళిపోయాడు.

ఈ ఏడు తొలకరి బాగానే పడింది. పక్కపొలం పెదనాయన ఎప్పటిలాగే రాగుల చాటతో వచ్చాడు. నాయన లోపల మంచం మీద నుంచి లేవలేదు.

"ఇది మంచి చెయ్యి కాదప్పా. ఇంగెవురినన్నా పిలుచుకోపో."

పెదనాయన నన్ను పక్కకు పిలిచి, మీ నాయన చేతికి ఏమయిందమ్మా అని మెల్లగా అడిగాడు. చేతికి ఏమీ కాలేదని, అంతా నా నోటి వల్లేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.