ఫ్రాన్స్ పాఠం విన్న బాపు

తెలంగాణ వచ్చాక సిలబస్‌లు మారాయి. దేవరకొండలో చరిత్ర చెప్పీ చెప్పీ గొంతు అరిగి రిటైరైన నాకు, దూరవిద్య పిల్లల కోసం ఒక పాఠం రాసే పని తగిలించారు: జర్మనీ ఆక్రమణలో ఫ్రాన్స్. కోరి తద్దినం తెచ్చుకోవడమంటే ఇదే అని విసుక్కుంటూనే ఒప్పుకున్నాను.

ఏ రోజు రాసింది ఆ రోజు మా నాన్నకు, మా పిలుపులో బాపుకు, చదివి వినిపించేవాణ్ణి. ఆయనకు తొంభై వచ్చాయి, చూపు పోయింది. నైజాం కాలంలో ఊరందరికీ ఉర్దూలో అర్జీలు రాసింది ఆయనే. చదువు రానివాడికి కాగితం మొత్తం వినిపించి, ఆ తర్వాతే వేలిముద్ర వేయించుకోవడం ఆయన పద్ధతి. నా రాతకూ అదే కాయిదా పెట్టాడు.

ఫ్రాన్సు సంగతులు ఆయనకు బాగా పట్టాయి. రొట్టెకు రేషన్ కార్డు, తోలు దొరక్క చెక్క అడుగు వేసిన బూట్లు, పశువులకు వేసే దుంపలు మనుషులు తినడం. జర్మన్లతో చేయి కలిపి విషీ పట్నం నుంచి ఏలిన ముసలి సేనాని గురించి చదివితే, "ముసలోనికేం పొయ్యేకాలమొచ్చిందిరా?" అన్నాడు.

"దేశాన్ని కాపాడుతున్న అని చెప్పుకున్నడు బాపూ."

"అందరు గదే చెప్తరు."

ఆ తర్వాత ఆకాశరామన్న ఉత్తరాల సంగతి వచ్చింది. పక్కింట్లో యూదులు దాక్కున్నారనీ, ఎదురింటివాడు దొంగచాటుగా లండన్ రేడియో వింటున్నాడనీ పోలీసులకు రాసి పట్టించినవాళ్లు మామూలు మనుషులే. "ఇటువంటివారిని చరిత్ర క్షమించదు" అని ముగించాను. ఆ వాక్యం నాకు భలే నచ్చింది కూడా.

"నేను గూడ ఒకటి రాసిన కొడుకా" అన్నాడు బాపు.

పోలీసు చర్యకు ముందటి ఏడు ఊళ్లో నైజాం సిపాయిల క్యాంపు పడిందట. పక్కింటాయన ఎడ్లను పట్టుకుపోయారు. విడిపించమని అర్జీ రాయమంటూ ఆయన బాపు దగ్గరికి వచ్చాడు. క్యాంపు జమేదారు తుపాకీతో పక్కనే కూర్చుని, నైజాం మీద పోరాడే దళాలకు అన్నం పెట్టిన ఇద్దరి పేర్లు ముందే చెప్పి ఉంచి, బాపు చేత ఆ కాగితంలో రాయించాడు. బాపు పైకి మాత్రం ఎడ్ల సంగతే చదివాడు. పక్కింటాయన నమ్మి వేలు పెట్టాడు. ఆ ఇద్దరూ తిరిగి రాలేదు. కాగితం మీది వేలిముద్ర ఆయనది కావడంతో, పట్టించింది పక్కింటాయనేనని ఊరు ఆయన్ని వెలేసింది. చివరికి కొత్తకోటకు పోయి అక్కడే చనిపోయాడు.

"తుపాకి పెట్టి బెదిరిచ్చిండ్రు గద బాపూ" అన్నాను.

"క్యాంపు ఎత్తేసి డెబ్బై ఏండ్లాయె. గప్పటి సంది నన్నెవలు బెదిరిచ్చిండ్రురా? ఆయన బిడ్డ కొత్తకోటలనే ఉన్నది. నన్ను జర ఆడికి తోల్కపో. మీ నాయిన తప్పేం లేదని చెప్పొస్త."

సరేనన్నాను. ఎండలు తగ్గనీ అన్నాను. ఆ తర్వాత వానలన్నాను, ఆ తర్వాత నా మోకాళ్ల నొప్పులన్నాను. అసలు సంగతి సిగ్గు. బాపు పేరు చెబితే ఊళ్లో ఇప్పటికీ లేచి నిలబడతారు. ఆ మర్యాద నేనూ అనుభవిస్తున్నాను. ఆయన రోజూ "ఎప్పుడు పోదాం?" అని అడిగేవాడు. కొన్నాళ్లకు అడగడం మానేశాడు, పాఠం వినడమూ మానేశాడు. చలికాలం దాటలేదు.

పదకొండో రోజున కొత్తకోట నుంచి ఆ పక్కింటాయన బిడ్డ బస్సెక్కి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

"ఊరంత మమ్ముల ఎలేస్తే మీ బాపు ఒక్కడే మా ఇంటికొచ్చేటోడు తమ్మీ. ఎవలకు తెల్వకుంట జొన్నలు తెచ్చి పెట్టేటోడు. మా నాయిన సచ్చేటప్పుడు గూడ ఆయన పేరే తలుసుకుండు. గసొంటి మనిషి మల్ల పుడ్తడా?"

చెప్పడానికి నోరు తెరిచాను. చుట్టూ ఊరంతా ఉంది.

"అన్నం తిను అక్కా" అన్నాను.

ఆమె బాపు ఫొటోకు దండం పెట్టి విస్తరి ముందు కూర్చుంది. నేనే వడ్డించాను.