లీమరంటే ఏందే?

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో, గుంటూరులో ఇంటర్ చదువుతున్న నేను సెలవులకు దుర్గి దగ్గర మా ఊరు వచ్చాను. ఒక మధ్యాహ్నం మా పాలేరుకు చేనుగట్టున కంప కొడుతుంటే దేవాంగపిల్లి దొరికింది. గంప కింద మూసి తెచ్చి వాకిట్లో పెట్టాడు. చిన్న జంతువు. తోక లేదు, కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి, మొహమంతా కళ్లే.

"అయ్యి దయ్యం కళ్లురా, చంపి పారెయ్," అన్నాడు బాబాయి.

నేను అడ్డుపడ్డాను. "దయ్యం కాదు బాబాయ్, కోతులకు చుట్టం. వీటిని లీమర్లంటారు."

"లీమరంటే ఏందే?" అని అడిగింది మేనత్త.

భర్త పోయాక ఆమె మా ఇంట్లోనే ఉండేది. ఒక్కగానొక్క కొడుకు పట్టాళంలో చేరి బర్మాలో చనిపోయాడు. తంతి వచ్చింది గానీ శవం రాలేదు. కళ్లతో చూడకుండా కర్మ ఎట్టా చేస్తారని ఆమె ఎవరినీ చెయ్యనివ్వలేదు.

అందుకే చెప్పడానికి తటపటాయించాను. మా కాలేజీ లెక్చరరు చెప్పిన ప్రకారం అది లాటిన్ మాట. శాంతి లేక ఇళ్ల చుట్టూ తిరిగే చనిపోయినవాళ్లను రోమ్ వాళ్లు లెమురేస్ అనేవారు. చీకట్లో చప్పుడు లేకుండా తిరిగే ఈ జంతువులకు ఓ శాస్త్రవేత్త ఆ పేరే పెట్టాడు. చివరికి అదే చెప్పాను.

"చూశావా, నేనన్నదేగా!" బాబాయి నవ్వాడు.

అత్త నవ్వలేదు. "వాళ్లు ఇంటికొస్తే ఏం చేసేవోళ్లు?"

"నల్ల చిక్కుడు గింజలు చల్లి, ఇక వెళ్లమని వేడుకునేవారట."

ఆమె గంప కింద చేట దూర్చి, రెండూ కలిపి ఎత్తుకుని చేను వైపు నడిచింది. నేనూ వెంట వెళ్లాను. గట్టున గంప వంచితే ఆ జంతువు తొందరేమీ లేకుండా ఒక్కో కొమ్మే పట్టుకుంటూ పొదలోకి పాకింది. అది కనుమరుగయ్యేదాకా అత్త కదల్లేదు.

"ఆ పేరు పెట్టినాయన కూడా ఎవర్నన్నా పోగొట్టుకున్నాడంటావా?"

"తెలియదత్తా."

తర్వాతి కాలంలో నేను చదివిన పుస్తకాలు దేవాంగపిల్లి లీమరు కాదని, లోరిస్ అనే వేరే జాతి అని అన్నాయి. అప్పటికి అత్త లేదు.

కానీ ఆ వేసవిలోనే ఆమె తనంతట తానే పురోహితుణ్ణి పిలిపించింది. శవానికి బదులు దర్భలతో బొమ్మ కట్టించి, అత్తారింటి నుంచి మరిదిని రప్పించి అతని చేత కొడుక్కి కర్మ చేయించింది. పిండాలు పెడుతుంటే బాబాయి ఎండలో నా పక్కన నిలబడి, కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.