నా కాటా ఐదే చూపింది

నేను ఐదో తరగతి దాంక చదివిన. ఇట్ల కూసోని రాసుడు ఇదే మొదలు. తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

మోండా మార్కెట్‌ల ఆలుగడ్డ, ఉల్లిగడ్డ అమ్ముత. నా బిడ్డ తొమ్మిదో తరగతి, పద్మారావు నగర్‌ల చదువుతది. మొన్న వాళ్ల బడిల సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టిండ్రు. మంచిగ జేసినోళ్లను పెద్ద ఎగ్జిబిషన్‌కు పంపుతమని సార్ చెప్పిండట. బిడ్డకు అన్నం మీద సుత ధ్యాస లేకుండె.

"అమ్మా, మన కొక్కెం కాటా గావాలె. గసువంటియి మూడు."

గుంజితే ముల్లు జరిగే కాటా నాదొకటి ఇచ్చిన, పక్క దుకాణాలల్ల రెండు అడిగి తెచ్చిన. ఒక ఇనుప రింగుకు మూడు కాటాలు తగిలిచ్చింది. ఒకదాన్ని చెక్కకు కొట్టిన మొలకు కట్టింది. మిగిలిన రెండిటిని ఇద్దరు గుంజాలె, గోడ మూల ఉన్నట్టు ఒకరు ఇటు, ఒకరు అటు. ఒకరిది మూడు కిలోలు, ఒకరిది నాలుగు. రెండు బలాలు కలిస్తే ఎంతయితదో మొల కాడి కాటా చెప్తది. దాన్ని ఫలిత బలం అంటరంట.

"ఏడు గదనే," అన్న.

"ఐదు అమ్మా. మూడు మూళ్లు తొమ్మిది, నాలుగు నాళ్లు పదారు. కలిపితే ఇరవై ఐదు. ఐదైదులు ఇరవై ఐదు గదా, గందుకు ఐదు."

నాకు సమజ్ గాలే. గింత గూడ రాదా అనుకుంటదని మళ్ల అడగలే.

ఎగ్జిబిషన్ నాడు గుంజాల్సిన ఇద్దరు దోస్తులల్ల ఒకామెకు జరం వచ్చింది. బిడ్డ నన్ను పిలిచింది. "అమ్మా, నువ్వు పట్టుకో. ముల్లు నాలుగు మీద ఆపు, గంతే. ఏం మాట్లాడకు."

సార్ వచ్చిండు. ఎనక పిల్లల తల్లులు, తండ్రులు నిలవడ్డరు. ఇంకో దోస్తు, నేను గుంజినం. సార్ వంగి మొల కాడి కాటా చూసిండు. అది నాదే.

"ఐదు. కరెక్ట్," అన్నడు.

ఎనక నుంచి ఒకామె నవ్వింది. "మూడు, నాలుగు కలిస్తే ఐదా? ఏ మార్కెట్ కాటానో, రెండు కిలోలు మింగింది!"

ఇగ నా పాణం ఆగలే. ఇన్నేండ్లల్ల నా తూకం మీద ఒక్కలు మాట అనలే.

"నా కాటా సక్కటిదమ్మా. జెర ఆగు, చూపిస్త," అని బలంగ గుంజిన. మొల కాడి ముల్లు ఆరుకొచ్చింది, ఏడుకొచ్చింది. "సూడుండ్రి, ఏడు!" అన్న సంబురంగ.

అందరు పక్కున నవ్విండ్రు. సార్ సుత. నా చేతిల ఉన్న కాటా నాలుగు దాటి యాడికో పోయింది, నేను సూడనే లే.

"వదిలెయ్ అమ్మా," అంది బిడ్డ మెల్లగ. దాని మొకం ఎర్రగయింది. మళ్ల చూపిస్త సార్ అని బతిమిలాడింది గాని, సార్ అప్పటికే పక్క టేబుల్ కాడికి పోయిండు. ఆఖరికి వేరే పిల్లను పంపుతమన్నరు.

కాటాలు, చెక్క సంచిల ఏసుకొని, చెరో పిడి పట్టుకొని ఇంటికి షురూ అయినం. బిడ్డ నాకు దూరం దూరం నడుస్తుంది. సంచి మధ్యల వేలాడుతుంది, పిడి నా ఏళ్లను కోస్తుంది.

"నా కాటా మంచిదే గదనే," అన్న, ఏమనాల్నో తెల్వక.

"తప్పని నేనన్ననా?" బిడ్డ ఆగింది. "సంచి ఎట్లుంది? బరువుందా?"

"మస్తు."

"పొద్దున తెచ్చిన సామానే, దాంట్ల ఏం పెరగలే. నువ్వు అటు, నేను ఇటు గుంజుతున్నం. మన బలం కొంత మనల్ని మనం గుంజుకోనీకే పోతుంది. నీ రెండు కిలోలు గట్లనే పోయినయ్. ఎవ్వలు మింగలే."

అప్పుడు సమజ్ అయింది. అయినంక ఇంకింత సిగ్గయింది. గీ ముచ్చట ఇంట్లనే అడిగితే అయిపోతుండె.

దగ్గరికి రా బిడ్డా అననీకి నాకు మొకం లేకుండె. నేనే జరిగి దాని పక్కకు పోయిన. సంచి అల్కగయింది. బిడ్డ నా దిక్కు సూడలే గాని, పిడి ఇడవలే.