టేపమ్మ కటింగ్ బల్ల

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు ఇల్లు మారి చూడు అనడం ఎందుకు మర్చిపోయారో టేపమ్మకు అర్థం కాలేదు. పుట్టిన ఇంట్లోనే పోయి ఉంటారు, వాళ్లకేం తెలుసు అనుకుంది. అనుకుని మళ్లీ అట్టపెట్టెకు తాడు కట్టడంలో పడింది.

టేపమ్మ అన్న పేరు పెట్టింది వీధి పిల్లలు. మెడలో కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. కూరగాయలకు వెళ్లినా మెడలో అదే, ఆస్పత్రికి వెళ్లినా అదే. ముందు గదిలో మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు, గౌన్లు, పంట్లాలు కుట్టేది. ఆమె కుట్టుకు ఒక గుణం ఉంది. లోపల మడతకు ఎంత గుడ్డ వదలాలో అంతకంటే ఓ పిసరు ఎక్కువే వదిలేది. పిల్ల ఎదిగితే విప్పుకోవచ్చు, మనిషి లావైతే విప్పుకోవచ్చు. ఆమె కుట్టిన యూనిఫారం అక్క వేసుకుని, చెల్లెలు వేసుకుని, ఆ తర్వాత కూడా ఇల్లు తుడిచే గుడ్డగా ఇంకో రెండేళ్లు బతికేది. "మా కోడలు లోకమంతా లావెక్కుతుందన్న నమ్మకంతో కుడుతుంది" అని అత్తగారు అందరితో చెప్పి నవ్వేది.

భర్త ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటమనిషి. ఆయనకు టేపూ లేదు, త్రాసూ లేదు. అంత పెద్ద గంగాళంలోకి ఉప్పు చేత్తో విసిరితే అది ఎక్కువా తక్కువా అన్న మాట ఏ రోజూ రాలేదు. ఆ ఫ్యాక్టరీ ఉన్నట్టుండి వేరే నగరానికి తరలిపోయింది. రైలెక్కితే ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. వచ్చేవాళ్లకు ఉద్యోగం ఉంటుంది, రానివాళ్లకు నమస్కారం అన్నారు. ఈ వయసులో కొత్తగా ఎవరు పనిస్తారు? వెళ్లడం మటుకు ఒక్క పూటలో ఖాయమైంది. ఎలా వెళ్లాలన్నది టేపమ్మ నెత్తిన పడింది. ఆ ఇంట్లో కొలతతో పనున్న వ్యవహారమేదైనా ఆమెదే.

కొత్త ఇంటికి అడ్వాన్సు, ముగ్గురికి రైలు టికెట్లు, సామానుకు లారీ, కొత్త చోట మొదటి జీతం చేతికొచ్చేదాకా ఇంటి ఖర్చు. ఉన్న డబ్బును ఎటు లాగినా ఇంకో మూల పొట్టి అయ్యేది. తలకు కప్పితే కాళ్లకు చాలని దుప్పటి అది. కాళ్లు ముడుచుకుని పడుకోవడం వాళ్లకు అలవాటే కాబట్టి టేపమ్మ అన్నిటికీ ఎలాగో సర్దింది, లారీకి తప్ప. లారీ మాట్లాడటానికి వచ్చిన మనిషి ఇల్లంతా చూసి, ముందు గదిలో ఆగి, బల్ల మీద చెయ్యి వేశాడు.

"ఇది లేకపోతే చిన్న బండి చాలమ్మా. ఇది ఎక్కిందంటే పెద్ద బండే" అన్నాడు.

చిన్న బండికీ పెద్ద బండికీ తేడా కొత్త ఇంటి నెల అద్దె కంటే ఎక్కువ.

ఆ బల్ల మామూలు బల్ల కాదు. మూతపడిన ఒక బట్టల ఫ్యాక్టరీ సామాను అమ్ముతుంటే టేపమ్మ తన మొదటి సంపాదనతో కొన్నది. మనిషి నిలబడి కత్తిరించడానికి చేసిన ఎత్తు. అంచు పొడవునా కొలత టేపు మేకులతో కొట్టి ఉంటుంది. అంకెలు సగం అరిగిపోయినా ఆమె వేళ్లకు తెలుసు. మోకాళ్లు అరిగిపోయాయి, నేల మీద కూర్చుని పని చేయొద్దు అని డాక్టరు చెప్పి చాలా కాలమైంది. బల్ల ఉన్నంతకాలం ఆ మాటతో ఆమెకు పని పడలేదు. బల్ల ఉంటే కొత్త ఊళ్లో కూడా నాలుగు గుడ్డలు కత్తిరించుకుంటుంది. లేకపోతే నేల మీద కూర్చోవాలి, లేదంటే కత్తెర పక్కన పెట్టేయాలి.

భర్త మంచిగానే మాట్లాడాడు. "అక్కడ పడుతుందంటే పెద్ద బండే మాట్లాడదాం. అప్పో సప్పో నేను చూసుకుంటా. పడకపోతే మాత్రం అంత డబ్బు పోసి తీసుకెళ్లి వీధిలో పెట్టుకోలేం కదా. నువ్వే లెక్క చూసి చెప్పు" అన్నాడు.

ఇల్లు చూడటానికి ఆయన ముందు వెళ్లాడు. వెళ్తుంటే టేపమ్మ తన రెండో టేపు ఆయన జేబులో పెట్టింది. ఆయన ఆ ఖాళీ గదిలో నిలబడి ఫోనులో కొలతలు చెబుతుంటే, ఇక్కడ ఆమె నమ్మకుండా, మళ్లీ కొలవండి, టేపు వదులుగా పట్టుకున్నారేమో, తలుపు ఎటు తెరుచుకుంటుంది, కిటికీ నేలకు ఎంత ఎత్తు అని ప్రాణం తీసింది. ఆయన ఓపిగ్గా అన్నీ రెండేసి సార్లు కొలిచాడు.

ఇంకొకరైతే అంకెలు కూడుకుని తేల్చుకునేవారు. టేపమ్మకు లెక్క కాగితం మీద కాదు, కత్తెరలో ఉంటుంది. గుడ్డ మీద చెయ్యి వేసే ముందు పేపరు మీద కత్తిరించి చూసుకోవడం ఆమె నేర్చుకున్న పద్ధతి. అలాగే అడుగుకు ఒక అంగుళం చొప్పున కొత్త గదిని ఓ అట్ట మీద గీసింది. పాత న్యూస్‌పేపర్ల మీద మంచం, బీరువా, మిషను, బల్ల పెన్సిలుతో గీసి ఒక్కొక్కటీ కత్తిరించింది. కత్తెర కరకరలాడుతూ తన దారిన తాను పోయింది. తర్వాత ఆ ముక్కల్ని అట్ట మీద పరిచింది.

బల్ల పట్టలేదు.

మంచం తిప్పింది. బీరువాను కిటికీ కింద పెట్టింది, తలుపు వెనక పెట్టింది. బల్లను అడ్డంగా వేస్తే మిషను గోడలోకి పోతోంది, నిలువుగా వేస్తే తలుపు తెరుచుకోదు. ఆ వారమంతా వంటయ్యాక అదే పని. ఇక్కడి ఇల్లు సర్దీ సర్దీ నడుం విరిగాక, కూర్చుని కాగితం ఇల్లు సర్దడం. భర్త టీ గ్లాసు పట్టుకుని ఆమె వెనక నిలబడి చూసేవాడు. ఒకసారి బల్ల ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు, ఏదో అనబోయి మళ్లీ అక్కడే పెట్టేశాడు.

అత్తగారు కూడా చూసి చూసి ఓ రోజు, "నా మంచం వంటింట్లో వేసెయ్యవే అమ్మాయ్. నాకేం, ఎలుకలతో కబుర్లు చెప్పుకుంటా" అంది. కాగితం మీద అలా వేసి చూస్తే బల్ల పట్టేలాగే ఉంది. కానీ ఎనభై దాటిన మనిషిని పొయ్యి పక్కన పడుకోబెట్టి బల్లకు గది ఇవ్వడం టేపమ్మకు మనసొప్పలేదు. ఆ మాట వినపడనట్టే ముక్కలన్నీ ఎత్తేసింది. మర్నాడు చిన్న బండి చాలని భర్తతో చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు మామూలుగానే ఉంది. ఆమెకు అప్పటికి ఏడ్చే ఓపిక కూడా లేదు.

బల్లను వీధి చివర రొట్టెల దుకాణం ఆయన కొన్నాడు, పిండి పిసకడానికి. బేరం ఆడలేదు కానీ బల్ల ఎత్తు ఎక్కువ, పొడవు తన దుకాణం తలుపులో పట్టదు అన్నాడు. టేపమ్మ సబ్బు నీళ్లతో దాన్ని శుభ్రంగా కడిగి ఇచ్చింది, సుద్ద మరకలు రొట్టెకు అంటకూడదని. ఆ మధ్యాహ్నమే వీధి చివర నుంచి రంపం చప్పుడు వినపడింది. చాలాసేపు వినపడింది. ఆమె లోపలికెళ్లి ఆ న్యూస్‌పేపరు ముక్కలతో గాజు గ్లాసులు చుట్టడం మొదలుపెట్టింది. వాటితో ఇంక పనేముంది?

ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు, ముగ్గురూ నిద్రపోలేదు. కొత్త ఊళ్లో దిగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. లారీ వాళ్లు సామాను లోపల పడేసి పోయారు. మంచం గోడ వారగా వేశారు. బీరువా తలుపు వెనక నిలబెట్టారు. మిషను కిటికీ దగ్గర పెట్టారు. అంతా సర్దాక టేపమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని గదిని చూసింది. అవతలి గోడ వెంట అంత చోటు అలాగే మిగిలి ఉంది. గది నోరు తెరుచుకుని చూస్తున్నట్టుంది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. దారి అలసట, మోకాళ్ల నొప్పి, రంపం చప్పుడు అన్నీ కలిసి ఆయన మీదికి వచ్చాయి. "ఒక్క గది కొలవడం చేతకాలేదు మీకు. ఉప్పు విసిరినట్టు విసిరారు అంకెలు" అంది. అత్తగారి ముందు భర్తను అంత మాట ఆమె ఎన్నడూ అనలేదు. ఆయన జేబులోంచి రెండో టేపు తీసి ఇచ్చాడు. టేపమ్మ ఒక్కతే వంగి గది నాలుగు వైపులా కొలిచింది. ఆయన ఫోనులో చెప్పిన కొలత అంగుళం తేడా లేకుండా ఉంది.

ఆయనే పొయ్యి వెలిగించి టీ పెట్టాడు. గ్లాసులు కావాలంటే ఆమె పెట్టె విప్పింది. పైనున్న గ్లాసుకు చుట్టిన కాగితం బల్ల ముక్కే. పడేయబోయి ఆగింది. మడతలు సాపు చేసి వెలుగుకు పట్టుకుంది. అక్షరాల మధ్య పెన్సిలు గీత కనిపించింది, కాగితం అంచుకు అరంగుళం లోపలికి, నాలుగు వైపులా. ఆ అరంగుళం గదిలో అరడుగు. మిగతా గ్లాసులు విప్పింది. మంచానికీ అంతే, బీరువాకీ అంతే. బల్లను ఎవరు కుడతారు, బీరువా ఎక్కడ లావెక్కుతుంది? చెయ్యి అడగలేదు. కత్తెర పట్టుకుంటే చాలు, కుట్టుకు వదలడమే దానికి తెలిసింది. కత్తిరించిన ముక్కలో లోపల గీత కనపడకపోతేనే ఆమెకు తప్పుగా తోచేది, అందుకే కనపడిన గీతను చూడలేకపోయింది.

కాగితం ఆయన చేతికిచ్చింది. "మీ కొలత సరైనదే. నేనే అన్నిటికీ కుట్టుకు వదిలాను" అంది.

ఆయన దాన్ని చూసి తల ఊపాడు. "అప్పుడే అనుకున్నా, బల్ల కంటే కాగితం పెద్దగా ఉందేంటా అని."

"మరి అనలేదే?"

"కొలతల్లో నీకు నేను చెప్పడమేంటి" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అన్నాడు. ఆ నమ్మకమే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది. తిట్టినా బాగుండేది అనుకుంది. ఇన్నేళ్లలో తను ఎవర్నీ తన కొలతకు అడ్డు చెప్పనివ్వలేదు, ఇప్పుడు చెప్పలేదేమని అడుగుతోంది.

టీ తాగాక కుట్టు పెట్టెలోంచి సుద్ద ముక్క తీసింది. ఆ ఖాళీ గోడ వారగా, డాక్టరు వద్దన్న మోకాళ్ల మీద కూర్చుని, నేల మీద బల్లను గీసింది. ఈసారి సరిగ్గా ఉన్నంతే, దేనికీ ఏమీ వదలకుండా. నాలుగు మూలలూ కలిశాక చూస్తే ఇటు మిషనుకు, అటు మంచానికి మధ్య మనిషి తిరిగేంత చోటు ఇంకా మిగిలింది. లేవడానికి ఆయన చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

అత్తగారు ఇదంతా మంచం మీద నుంచి చూస్తూనే ఉంది. కాసేపటికి మంచినీళ్లకని లేచింది. వంటింటికి దారి ఆ గీతల మీదుగానే సూటిగా ఉంది. ఆమె గోడ పట్టుకుని, సుద్ద తొక్కకుండా, బల్ల చుట్టూ తిరిగి వెళ్లింది.