ఖాళీ చాట

ఆ ఏడాది నేను సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు మీద ఒక అద్దె గదిలో ఉండేదాన్ని. భర్త నుంచి విడిపోయాక హైదరాబాద్ వదిలి పుట్టిన ఊరికే వచ్చాను గాని, అక్కడ నన్ను పలకరించే మనుషులు మిగల్లేదు. పని మాత్రం హైదరాబాద్ వాళ్లతోనే. కింద మగ్గాల మోతకు వీడియో కాల్‌లో నా మాట వాళ్లకు వినబడేది కాదు. మైకు ఆపేసి, చెప్పాల్సింది టైపు చేసేదాన్ని. కొన్ని రోజులు పొద్దు గూకేదాకా నా గొంతు నేనే వినేదాన్ని కాదు.

అప్పుడు మా బృందం చేస్తున్నది కోరుట్లలో ఒక బీడీ కార్మికురాలి కథ. ఎన్నో ఏళ్ల కిందట, కూలి పెంచమని ఆడవాళ్లందరి చేత పని ఆపించి వీధిలోకి నడిపించిన మనిషి. ఆమె తిరిగిన చోట నిలబడి ఫోను ఎత్తి పట్టుకుంటే, ఇప్పటి వీధిలోనే ఆనాటి ఆమె కనబడాలి. ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు దాన్ని. బొమ్మలు తయారుచేసేది ఒకతను, వాటిని ఫోనులో నడిపించేది ఒకమ్మాయి. ఏది ఎలా కనబడాలో తేల్చడం ఆర్ట్ డైరెక్టర్‌గా నా పని.

ఆమె ముఖమే మాకు దొరకలేదు. ఊరేగింపులో తీసిన ఒకే ఒక్క ఫోటో మిగిలింది. అందులోనూ పక్కనున్నామెతో ఏదో చెబుతూ అటు తిరిగి ఉంది.

ఆమె కూతురు ఇంకా కోరుట్లలోనే ఉందని తెలిసి వెళ్లాను. చిన్న పెంకుటిల్లు, ఒక్కతే ఉంటుంది. నన్ను గడపలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

"ఊరేగింపు ముచ్చట అందరు చెప్తరు బిడ్డా. దాని తర్వాత సంగతి ఎవ్వలు అడుగరు," అంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏమైతది? కూలి పెంచిండ్రు. అందర్ని మళ్ల పనిల వెట్టుకున్నరు. నన్ను గన్న మా అవ్వకు మాత్రం బీడీలు చుట్ట ఆకు ఇయ్యలే. ఆమెతోని మాట్లాడితె తమ పని గూడ పోతదని, ఆడోళ్లు మా వాకిట్లకే రాలే. ఆమె పొద్దంత చాట ఒళ్లె వెట్టుకొని గోడ దిక్కు మొఖం జేసి కూసుండేది. చాటల ఆకు లేదు, తంబాకు లేదు. చేతులు మాత్రం చుట్టినట్టే ఆడుతుండేటియి."

ఆ మాట నన్ను వదల్లేదు. కథ దానితోనే ముగియాలని బృందానికి రాశాను.

"మేడమ్, చివర్లో ఇంత డల్‌గా ఉంటే ఎవరు నిలబడి చూస్తరు? పిడికిలి ఎత్తించి ఆపేద్దాం," అన్నాడు వీడియో కాల్‌లో బొమ్మలు చేసే అతను.

ఆ రోజు మొదటిసారి మైకు తెరిచాను. మగ్గాల మోతలోనే అరిచినట్టుగా చెప్పాను: "పిడికిలి ఊరేగింపులో ఉంది కదా! ఇది కూడా ఆమే. ఇది తీసేస్తే ఆమెను మనం కూడా వెలివేసినట్టే." ఫోనులో నడిపించే అమ్మాయి, "మరి వీడియో తీసి బొమ్మకు ఎక్కించడానికి నటించేది ఎవరు మేడమ్?" అని అడిగింది.

నేనే నటించాను. ఆకు చుట్టే తీరు పెద్దమ్మ దగ్గర నేర్చుకుని, గదిలో ఫోనును స్టూలు మీద నిలబెట్టి, ఖాళీ చాట ఒళ్లో పెట్టుకుని గోడ వైపు కూర్చున్నాను. కాసేపటికి ఫోను సంగతే మరిచిపోయాను. వేళ్లు వాటంతట అవే కదులుతున్నాయి. వీడియో చూశాక బొమ్మలు చేసే అతను, "మీరు ఆపడం మరిచిపోయినట్టున్నరు మేడమ్," అన్నాడు. ఆ తర్వాత మళ్లీ పిడికిలి మాట ఎత్తలేదు.

అందరికీ చూపించిన రోజు కోరుట్ల వీధిలో జనం బాగానే వచ్చారు. ఊరేగింపు దగ్గర పిల్లలు ఈలలు వేశారు. చివరి చోటు పెద్దమ్మ వాకిలే. అక్కడిదాకా వచ్చినవాళ్లు తక్కువ. వాళ్లూ ఒకసారి ఫోను ఎత్తి చూసి వెళ్లిపోయారు.

పెద్దమ్మ కోసం ఫోను నేనే ఎత్తి పట్టుకున్నాను. ఆమె చాలాసేపు చూసింది.

"ఇటు దిరగదా?"

"తిరగదు పెద్దమ్మా. ముఖం మాకు దొరకలేదు."

"పోనీ తియ్యి. నాకు గూడ సరిగ యాదికి లేదు. చేతులే యాదికున్నయి." కొంగుతో కళ్లు ఒత్తుకుని నా వైపు తిరిగింది. "గీ వీపు ఎవ్వలిది?"

"నాదే."

"బువ్వ తిని పో," అంది. బృందం అప్పటికే కారులో హైదరాబాద్ బయల్దేరింది. నేను తిని, జగిత్యాలలో బస్సు మారి, దీపాలు పెట్టే వేళకు గదికి చేరాను.

కొన్ని నెలలకు ఆ అమ్మాయి ఫోను చేసి, చివరి భాగాన్ని జనం పెద్దగా చూడడం లేదని చెప్పింది. తీసేద్దామని మాత్రం అనలేదు. ఆ ఆదివారం నేను కోరుట్ల బస్సెక్కాను. పెద్దమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. పెద్దపల్లిలో చెల్లెలి దగ్గరికి పోయిందని, ఎప్పుడొస్తుందో తెలియదని పక్కింటామె చెప్పింది. గడప మీద కాసేపు కూర్చున్నాను. గోడ వైపు కూర్చున్న ఆ బొమ్మను చూడడానికి ఫోను ఎత్తలేదు, అది సంచీలోనే ఉండిపోయింది.